గొట్టానికీ ఒక లైఫ్ సర్టిఫికెట్

(సూళ్లూరుపేటలో డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. డి.ఎ. బకాయిల సంగతి, వైద్య సదుపాయాల సంగతి కార్యదర్శిగారు చెప్పనున్నారు. నన్ను మాత్రం "ఈసారి మన గోడు కాకుండా లోకజ్ఞానం పెంచే విషయం ఏదైనా చెప్పండి" అని వారు ఆదేశించారు. అందుచేత నేను ఎంచుకున్న విషయం తుప్పు. నవ్వకండి. ఇంట్లో గేటుకు పట్టే తుప్పు కాదు. భూగర్భం నుంచి చమురు, గ్యాసు తెచ్చే ఉక్కు గొట్టాలకు లోపలినుంచి పట్టే తుప్పు.

నేను ఇంజనీరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి యు.డి.సి.గా రిటైరైనవాడిని. చదివి తెలుసుకున్న సంగతులను, ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు నడిపిన బుర్రతో ఆలోచించి మీ ముందు పెడుతున్నాను.

తుప్పు మనకు కొత్త కాదు

పులికాట్ ఉప్పు గాలి తగిలే ఊళ్లవాళ్లం మనం. తుప్పును గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. శ్రీహరికోట వైపు ఇల్లున్న వారిని అడిగితే, కిటికీ చువ్వలకు ఏడాదికొకసారి రంగు వేయించకపోతే ఏమవుతుందో చెబుతారు. ఇనుము గనిలో దొరికేటప్పుడు ఇనుముగా దొరకదు, ప్రాణవాయువుతో కలిసిన ఖనిజంగా దొరుకుతుంది. దానిని కొలిమిలో వేసి, వేడి ఖర్చుపెట్టి ఇనుము చేసుకున్నాము. నీరూ ప్రాణవాయువూ దొరికితే అది మళ్లీ పూర్వపు రూపానికి పోవాలని చూస్తుంది. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగిరం అవుతుంది. ఇదీ తుప్పు.

చేతిబోరు రిపేరు చేసేటప్పుడు చూసినవారికి ఇంకొక సంగతి తెలిసి ఉంటుంది. నేలపైన కనబడే బోరు తల రంగు వేసుకొని నిక్షేపంగా ఉంటుంది. మెకానిక్కు లోపలి పైపులు ఒక్కొక్కటే పైకి లాగితే, మరల దగ్గర పొరలు పొరలుగా రాలిపోతూ ఉంటాయి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత బోరు పైపుకు బాగా సరిపోతుంది. మన బోరు పైపు పాడైతే నాలుగు రోజులు నీళ్లకు ఇబ్బంది. గ్యాసు గొట్టం అలా పాడైతే ఊరే కాలిపోతుంది.

ప్రాణవాయువు లేనిచోట తుప్పెలా?

ఇక్కడ మీకొక సందేహం రావాలి. చమురు బావి లోపల గాలి ఉండదు కదా, ఉక్కు నూనెలో మునిగి ఉంటుంది కదా, నూనె రాస్తే తుప్పు పట్టదని మన పెద్దలే చెప్పారు కదా, మరి తుప్పెలా వస్తుంది?

బావి నుంచి చమురు ఒక్కటే రాదు. చమురు, గ్యాసు, వాటితోపాటు భూమి పొరలలో ఎన్నో యుగాలుగా నిలిచిన ఉప్పునీరు, కొంత ఇసుక, అన్నీ కలిసి వస్తాయి. బావి కొత్తలో నీరు తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ చమురు తగ్గి నీరు పెరుగుతుంది. గ్యాసులో బొగ్గుపులుసు వాయువు కూడా ఉంటుంది. అది నీళ్లలో కరిగితే ఏమవుతుందో గోలీసోడా తాగిన ప్రతివారికీ తెలుసు, నాలుకకు చురుక్కుమంటుంది. అదే కార్బానిక్ ఆమ్లం. మన కడుపుకు అది హాని చేయదు గాని, ఉక్కును రాత్రింబవళ్లు కొరుకుతుంది. బావి లోపలి ఒత్తిడికి, వేడికి ఆ కొరుకుడు ఇంకా పెరుగుతుంది.

రెండవ శత్రువు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు. ఇది మనుషులకు విషం. ఉక్కుకు ఇది చేసే హాని వేరే రకం. దీని ప్రభావంతో పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా చేస్తాయి. గోడ మందం తగ్గకపోయినా, గాజు చిట్లినట్లు ఒకనాడు చిట్లుతుంది. కజక్‌స్తాన్ దేశంలో కాస్పియన్ సముద్రంలోని కషగాన్ చమురు క్షేత్రంలో ఇదే జరిగింది. 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టారు. కొన్ని వారాలలోనే గొట్టాలకు పగుళ్లు వచ్చి ఆపివేశారు. గొట్టాలన్నీ మార్చి మళ్లీ మొదలుపెట్టేసరికి 2016 వచ్చింది.

మూడవ శత్రువు కంటికి కనబడని సూక్ష్మజీవులు. గాలి అవసరం లేకుండా బురద కింద బతికి, అక్కడే ఆ కోడిగుడ్డు వాసన వాయువును పుట్టించే జాతులున్నాయి. నాలుగవది ఇసుక. వేగంగా పోయే ఇసుక, వంపుల దగ్గర గరుకు కాగితం లాగా గొట్టాన్ని అరగదీస్తుంది.

ఇవన్నీ గొట్టమంతటా సమానంగా జరగవు. నీరు బరువైనది కాబట్టి గొట్టం అడుగున, పల్లం వచ్చిన చోట నిలుస్తుంది. గొట్టాన్ని గడియారం బిళ్లగా ఊహించుకుంటే, తుప్పు ఎక్కువగా 6 అంకె దగ్గర ఉంటుంది. అక్కడ కూడా గుంటలు గుంటలుగా తింటుంది. గుంట ఎంత లోతన్నదే ముఖ్యం, సగటు లెక్క ఇక్కడ పనికిరాదు. ఆఫీసులో సగటు హాజరు 95 శాతం ఉన్నా, జీతాల బిల్లు చేసే గుమాస్తా ఒక్కడు రాకపోతే నెల మొదటి తేదీన ఏమయ్యేదో మీకు జ్ఞాపకమే. గొట్టం కూడా అంతే. పది కిలోమీటర్లు బాగుండి ఒక్క చోట పలచబడితే, లోపలి ఒత్తిడి అంతా వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది.

పేరుకు నగరం, ఊరు పల్లె

ఇక అసలు సంగతికి వస్తాను. కోనసీమలో, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలంలో, నగరం అనే పల్లె ఉన్నది. పక్కనే తాటిపాక. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ వారు తీసే గ్యాసు అక్కడికి చేరుతుంది. అక్కడినుంచి విజయవాడ దగ్గరి కొండపల్లిలో ఉన్న లాంకో విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోవడానికి గెయిల్ సంస్థవారు 18 అంగుళాల గొట్టం వేశారు. కొబ్బరి తోటల మధ్య, ఇళ్ల పక్కగా అది పోతుంది.

2014 జూన్ 27, శుక్రవారం. రాష్ట్రం విడిపోయి నెల కూడా కాలేదు. తెల్లవారుజామున ఆ గొట్టం పగిలింది. గ్యాసు ఊరిమీద మంచులాగా పరచుకున్నది. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకున్నదని అప్పట్లో పత్రికలు రాశాయి. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే, పరుగెత్తినవారు పరుగులోనే కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు, ఇంకా అనేకులు గాయపడ్డారు. వారిలో ఆడవారు, పసిపిల్లలు ఉన్నారు. ఇళ్లు, వాహనాలు, కొబ్బరి చెట్లు మాడి నల్లగా నిలబడ్డాయి.

అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1995 జనవరి 8న, అదే కోనసీమలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. చాలామంది ఈ రెండింటినీ కలిపి చెబుతూ ఉంటారు. అది తవ్వుతున్న బావిలో ఒత్తిడి అదుపు తప్పి జరిగినది. నగరంలో జరిగినది అది కాదు. అక్కడ బావి అదుపులోనే ఉన్నది. ఏళ్ల తరబడి లోపలినుంచి తిన్న గొట్టం తెగిపోయింది. పాశర్లపూడిలో ప్రమాదం ఒక్కసారిగా వచ్చింది. నగరంలో అది ప్రతిరోజూ కొంచెం కొంచెంగా వచ్చింది. నా దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది. కొంచెం కొంచెంగా వచ్చేదానిని కనిపెట్టి ఆపడానికి వ్యవధి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ విచారణలో తేలిన ముఖ్యాంశాలు పత్రికలలో వచ్చాయి. ఆ గొట్టం పొడి గ్యాసు కోసం ఉద్దేశించినది. అందులో పోయినది తడి గ్యాసు. గ్యాసులోని నీటిని తీసివేసే యంత్రసామగ్రి అక్కడ లేదు. నీరు, నీటిలో కరిగిన వాయువులు గొట్టం లోపలి గోడను తిన్నాయి. ఆ గొట్టం అంతకుముందే లీకైంది. లీకైనప్పుడల్లా క్లాంపులు బిగించి తాత్కాలికంగా సరిచేశారు.

తోటి గుమాస్తాలారా, ఇక్కడ నాకు మన ఆఫీసు జ్ఞాపకం వచ్చింది. ఒక అర్జీ వచ్చిందనుకోండి. దానిమీద విచారణ జరపాలి, కారణం తేల్చాలి, పై అధికారికి నోటు పెట్టాలి. అలా చేయకుండా ఒక చిన్న జవాబు రాసి ఎల్.డిస్. చేసి కట్టకట్టేస్తే, ఆ నెల పెండింగ్ జాబితాలో అంకె తగ్గుతుంది, జమాబందీలో ఎవరూ అడగరు. అర్జీదారు కష్టం మాత్రం అలాగే ఉంటుంది. ఏడాది తర్వాత ఆ కాగితం కూడా ఉండదు. గొట్టానికి వచ్చిన ప్రతి లీకూ గొట్టం పెట్టుకున్న అర్జీ. "అయ్యా, నా గోడ లోపలినుంచి పోతున్నది, కారణం చూడండి" అని దాని అర్థం. దానికి క్లాంపు బిగించి ఊరుకోవడం ఎల్.డిస్. చేయడమే. రెండవ అర్జీ, మూడవ అర్జీ వచ్చినప్పుడైనా పాత ఫైలు తెప్పించి, అన్నీ ఒకచోట కలిపి చదవవలసింది.

ఊరివాళ్లు కూడా అర్జీ పెట్టుకున్నారు. ముందునుంచే గ్యాసు వాసన వస్తున్నదని, చెప్పినా పట్టించుకోలేదని బతికి బయటపడ్డవారు విలేకరులతో చెప్పారు. వాసన పట్టే ముక్కుకు డిగ్రీ అక్కరలేదు. ఆ మాట రాసుకునే రిజిస్టరు, రాసుకున్నదానిని చదివే అధికారి ఉంటే చాలు.

పెద్ద దేశాలలోనూ ఇదే కథ

ఇది మన దేశానికే పట్టిన తెగులని అనుకోవద్దు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, కార్ల్స్‌బాడ్ దగ్గర 2000 ఆగస్టు 19న తెల్లవారుజామున 30 అంగుళాల గ్యాసు గొట్టం పగిలింది. అక్కడ నది ఒడ్డున గుడారాలు వేసుకొని నిద్రపోతున్న ఒకే కుటుంబ బంధువులు 12 మంది చనిపోయారు. వాళ్ల దేశపు రవాణా భద్రతా మండలి ఆ గొట్టం ముక్కలను పరీక్షించి, లోపలి తుప్పు వల్ల ఒకచోట గోడ మందం 72 శాతం పోయిందని తేల్చింది. పల్లంలో నీరు చేరింది, ఆ భాగాన్ని లోపలినుంచి శుభ్రం చేసే ఏర్పాటు లేదు. తుప్పు అదుపు చేసే కార్యక్రమం కాగితం మీద ఉండి కూడా దానిని పట్టలేకపోయింది.

ఆ ఘోరం తర్వాత అక్కడ గొట్టాల భద్రతకు కొత్త చట్టం తెచ్చారు. జనావాసాల దగ్గరి గొట్టాలను నిర్ణీత కాలానికి ఒకసారి తప్పనిసరిగా పరీక్షించాలని అందులో పెట్టారు. ఆ చట్టం మీద సంతకం పడిన రోజు 2002 డిసెంబరు 17. మన పెన్షనర్ల దినోత్సవమే కావడం కాకతాళీయం.

అయినా అమెరికాలోనే 2006 మార్చిలో అలాస్కా మంచు ప్రాంతంలో, ప్రూడో బే చమురు క్షేత్రంలో బ్రిటిష్ పెట్రోలియం వారి గొట్టానికి లోపలి తుప్పుతో చిన్న రంధ్రం పడింది. దానిలోనుంచి 2 లక్షల గ్యాలన్లకు పైగా, అంటే సుమారు 8 లక్షల లీటర్ల చమురు మంచుమీద పారింది. ఆ రంధ్రం మహా ఉంటే బాదం గింజంత. దానిని కనిపెట్టినది ఏ యంత్రమూ కాదు. ఆ దారిన పోతున్న ఒక ఉద్యోగికి చమురు వాసన వచ్చి దిగి చూశాడు. ఆ గొట్టం లోపలి గోడను చివరిసారి పరికరంతో పరీక్షించినది 1998లో. 2007లో ఆ కంపెనీ అనుబంధ సంస్థ కోర్టులో నేరం అంగీకరించింది.

డబ్బు, చదువు, యంత్రాలు అన్నీ ఉన్నచోట కూడా చూడవలసినవారు చూడకపోతే ఫలితం ఒకటే.

మందు లేని జబ్బు కాదు

ఈ జబ్బుకు మందు ఎప్పుడో కనిపెట్టారు. మొదటిది, గొట్టంలోకి పంపకముందే గ్యాసులోని నీటిని తీసివేయడం. గ్లైకాల్ అనే జిగట ద్రవం గుండా గ్యాసును పంపితే అది నీటిని పీల్చుకుంటుంది. నీరు లేకపోతే ఆమ్లం లేదు, ఆమ్లం లేకపోతే తుప్పు లేదు.

రెండవది, గొట్టంలోకి మందు పట్టించడం. ఉక్కు గోడకు అంటుకొని పలుచని పొరగా ఏర్పడే రసాయనాలున్నాయి. వాటిని కొద్దికొద్దిగా, ఆపకుండా పంపుతూ ఉండాలి. మన బి.పి. మాత్రలాగానే ఇవాళ వేసి రేపు మానితే లాభం లేదు.

మూడవది, గొట్టం లోపల ఒక పనిముట్టును నడిపించడం. దానిని ఇంజనీర్లు పిగ్ అంటారు, అంటే పంది. మామూలు పిగ్ గొట్టమంతా దొర్లుకుంటూ పోయి నీటిని, బురదను ముందుకు నెట్టి శుభ్రం చేస్తుంది. తెలివైన పిగ్ ఇంకొకటి ఉన్నది. అది అయస్కాంత శక్తితో గోడను పరీక్షిస్తూ పోయి, ఎన్నవ మీటరు దగ్గర ఎంత మందం తగ్గిందో రాసుకొని వస్తుంది.

నాలుగవది నాకు అన్నిటికంటె నచ్చినది. చిన్న ఉక్కు బిళ్లను సున్నితమైన త్రాసులో తూచి, గొట్టంలో వేలాడదీస్తారు. కొన్ని నెలల తర్వాత తీసి శుభ్రం చేసి మళ్లీ తూస్తారు. ఎంత బరువు తగ్గిందో దానినిబట్టి గొట్టం గోడ ఏడాదికి ఎంత తరుగుతున్నదో లెక్క కడతారు. దీనిని కూపన్ అంటారు. మాట వరసకు గొట్టం మందం 10 మిల్లీమీటర్లు, ఏడాదికి అర మిల్లీమీటరు పోతున్నదనుకోండి. పదేళ్లకు సగం గోడ మాయం. ఇది మన ఇంక్రిమెంటు లెక్క కంటె సులువు. కావలసినదల్లా తేదీ తప్పకుండా తూచేవాడు, తూచినది ఉన్నదున్నట్లు రాసేవాడు, రాసినదానిని చూసి నిర్ణయం తీసుకునేవాడు.

గొట్టం బయటివైపు తారు, ప్లాస్టిక్ పూతలు వేస్తారు. విద్యుత్తు పంపి మట్టిలోని తుప్పును కూడా అడ్డుకుంటారు. మంచిదే. కాని అది బయటి గోడకు మాత్రమే కాపలా. ఇంటి ముందు గూర్ఖాను పెట్టినంత మాత్రాన లోపల వాసానికి చెదలు పట్టకుండా ఉండదు.

తుప్పును గురించి అప్పట్లో పనిచేసిన నేస్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013 లెక్కల మీద, తుప్పు వల్ల ప్రపంచానికి కలిగే ఏటి నష్టం 2.5 లక్షల కోట్ల డాలర్లు. ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. చేతిలో ఉన్న పద్ధతులనే సరిగా పాటిస్తే అందులో 15 నుంచి 35 శాతం ఆదా చేయవచ్చునట. పోయే ప్రాణాలు ఈ లెక్కలో లేవు.

చట్టం చెప్పినది, చెప్పనిది

రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి 1962 నాటి పెట్రోలియం, ఖనిజ గొట్టాల చట్టం తెలిసే ఉంటుంది. దాని ప్రకారం భూమి రైతుదే, భూగర్భంలో గొట్టం వేసుకునే హక్కు మాత్రం సంస్థది. 3వ సెక్షన్ కింద ప్రకటన, అభ్యంతరాల విచారణ, 6వ సెక్షన్ కింద తుది ప్రకటన. గొట్టం మీద ఇల్లు కట్టరాదు, బావి, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు అని 9వ సెక్షన్ రైతుకు ఆంక్ష పెడుతుంది. ఇందుకు పరిహారంగా భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. పంట నష్టం వేరు.

రైతు ఏమి చేయరాదో ఆ చట్టం వివరంగా చెప్పింది. గొట్టం లోపల ఎలా ఉన్నదో ఏడాదికొకసారి రైతుకు చెప్పాలని మాత్రం అందులో లేదు. తర్వాత 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి వచ్చింది. గ్యాసు గొట్టాల పటిష్ఠతను ఎలా కాపాడాలో ఆ మండలి 2012లో నిబంధనలు చేసింది. అంటే 2014 జూన్ 27 నాటికి నిబంధనల పుస్తకం అచ్చై ఉన్నది. నగరం ప్రజలకు ఆ అచ్చు పుస్తకం అడ్డుపడలేదు. జి.ఓ. వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదని మనకంటె బాగా ఎవరికి తెలుసు?

మనం ఏటా ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాలి. నిరుడు బతికి ఉన్నాడు కాబట్టి ఈ యేడూ బతికి ఉంటాడులే అని ట్రెజరీవారు ఒప్పుకోరు. మనకు అది విసుగే. మోకాళ్ల నొప్పులతో క్యూలో నిలబడ్డవారు ఈ సభలోనే ఉన్నారు. కాని నలుగురు మనుషులున్న ఇంటి పక్కనుంచి పోయే గొట్టాన్ని, నిరుడు పగలలేదు కాబట్టి ఈ యేడూ పగలదులే అని వదిలేస్తే ఎలా? దానికి కూడా ఏటా ఒక లైఫ్ సర్టిఫికెట్ ఉండాలని నా మనవి. ఎప్పుడు నీటిని పరీక్షించారు, ఎప్పుడు పిగ్ పంపారు, కూపన్ బరువు ఎంత తగ్గింది, ఎన్ని లీకులు వచ్చాయి, ఒక్కొక్కదానికి కారణం ఏమిటి, ఏమి చేశారు. ఒక్క పేజీ చాలు. అది ఆ పంచాయతీ ఆఫీసు గోడమీద తెలుగులో అంటించాలి. కింద బాధ్యుడైన అధికారి సంతకం, తేదీ ఉండాలి.

సంతకం ఎందుకంటే, సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు మనిషి ఒకసారి ఆగి చదువుతాడు. ఈ సంగతి మనకు అనుభవమే.

మన వంతు

గొట్టపు గ్యాసు మన జిల్లాల పట్టణాలకు కూడా వస్తున్నది. రావలసిందే. కట్టెల పొగలో కళ్లు పోగొట్టుకున్న మన అమ్మలను తలచుకుంటే ఇది మేలే. భయపడవద్దు, కాని తెలుసుకొని ఉందాం.

గొట్టం పోయే దారిలో గుర్తు రాళ్లు, బోర్డులు ఉంటాయి. వాటిమీద అత్యవసర ఫోను నెంబరు ఉంటుంది. మీ పొలం దగ్గరో, మీ అల్లుడుగారి ఊళ్లోనో అలాంటి బోర్డు ఉంటే ఆ నెంబరు రాసుకోండి. బోర్డు చెరిగిపోతే కొత్తది పెట్టమని రాయండి. వాసన వచ్చినా, బుసబుసమని శబ్దం వచ్చినా, ఒకచోట మాత్రమే పచ్చిక ఎండిపోయినా అనుమానించండి. అగ్గిపుల్ల గీయవద్దు, స్విచ్చి వేయవద్దు, బండి స్టార్టు చేయవద్దు. గాలి ఎటునుంచి వస్తున్నదో చూసి ఆ వైపుకు నడిచి, దూరం పోయిన తర్వాత ఫోను చేయండి. ఇంట్లో సిలిండరు వాడేవారు రబ్బరు గొట్టం మీది తేదీ చూసి ఐదేళ్లకొకసారి మార్చండి. సిలిండరు లీకైతే 1906 నెంబరుకు చెప్పండి.

ఫోనుతో ఆగవద్దు. తర్వాత కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరుల అర్జీలు తీసుకున్నాము. ఇప్పుడు తీరిక ఉన్నది, రాయడం వచ్చు, ఏ కాగితం ఎవరికి పోవాలో తెలుసు, రిమైండరు ఎప్పుడు వేయాలో తెలుసు. ఊళ్లో చదువురాని ఒక ముసలమ్మ "నాయనా, ఏదో వాసన వస్తోంది" అంటే, ఆ మాటను తేదీ వేసి కాగితం మీద పెట్టి, జవాబు వచ్చేదాకా వెంటపడగలిగినవాళ్లం మనమే. మన సంఘం ఈ పని ఒకటి నెత్తిన వేసుకుంటే బాగుంటుందని కార్యవర్గానికి విన్నవించుకుంటున్నాను.

భోజనాల వేళైంది, కార్యదర్శిగారి డి.ఎ. సంగతి ఇంకా మిగిలే ఉన్నది. సెలవు తీసుకుంటున్నాను.